రంగుకు ఎడమ కన్ను

2024 సెప్టెంబర్ 8, ఆదివారం. బోడినాయకనూరు

అక్క ఇంటికి వచ్చి మూడో రోజు. యాలకుల సీజన్ మీద రాయమని పత్రిక ఆఫీసు పంపింది. కోయంబత్తూరు నుంచి ఇంత దూరం నన్నే పంపడానికి కారణం అక్క.

అక్క పేరు రంగనాయకి. అరవై ఒకటి. కినత్తుకడవులో కొబ్బరి తోట మధ్య పెరిగాం ఇద్దరం. ఇరవై ఏళ్లకు పెళ్లయి ఈ ఊరు వచ్చింది. బావ వాళ్లది యాలకుల మండీ. బావ పోయి తొమ్మిదేళ్లు. అమ్మకాలు కొడుకు శరవణ చూస్తాడు. అక్క పని ఒకటే. కొండ మీది ఎస్టేట్ల నుంచి జీపుల్లో దిగిన లాట్లకు రకం చెప్పడం. ముదురు పచ్చ, పచ్చ, లేత పచ్చ, వెలిసింది. ఆమె చీటీ ఉంటే కొనేవాళ్లు కాయ ముట్టుకోకుండా వేలం పాడతారు. నిన్న ముగ్గురు వ్యాపారులు, విడివిడిగా, ఇదే మాట చెప్పారు. అందుకే రాసుకుంటున్నాను.

చూసే పద్ధతి. బల్ల ముందు కూర్చుంటే ఉత్తరపు కిటికీ ఆమెకు ఎడమవైపు. పిడికెడు కాయలు తెల్ల పళ్లెంలో పోసి, కుడి కన్ను మూసి, ఎడమ కంటితో రంగు చూస్తుంది. తర్వాత పళ్లెం కుడివైపుకు, ట్యూబ్‌లైట్ కిందికి జరుపుతుంది. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో సైజు, పగుళ్లు చూస్తుంది. అత్త సీతమ్మాళ్ నేర్పింది. రెండు కండ్లూ తెరిస్తే ముప్పై కాయలు కనబడతాయి, ఒకటి మూస్తే ఒక కాయ కనబడతాది అనేదట ఆవిడ. ట్యూబ్‌లైట్ కింద రంగు మాత్రం చూడకు, దాని కింద సున్నం గోడ కూడా పచ్చగానే ఉంటాది అనేదట.

ప్రతి లాట్ నుంచి పది కాయలు చిన్న సీసాలో వేసి, తేదీ, రకం రాసి అంటించి, తలుపున్న బీరువాలో పెడుతుంది. తగాదా వస్తే అదే సాక్షి. లేబుళ్లు తమిళంలో. మా ఇంటి భాష తెలుగే అయినా అక్కకు మాటే వచ్చు, అక్షరం రాదు. నేను హైదరాబాద్ డెస్క్‌లో ఆరేళ్లు చేసి నేర్చుకున్నాను. ఈ డైరీ ఎక్కడ వదిలేసినా భయం లేదు.

కాయలు ఏరే పదిహేను మందికీ జలుబు. పొట్టు దుమ్ము అంటారు. అక్కకు పన్నెండేళ్లుగా ఉంది. పొద్దున్నే పసుపు కొమ్ము కాల్చి పొగ పీలుస్తుంది. ఈ నెల ఎడమ కనుబొమ్మ లోపల బరువుగా ఉండాది అంది. ఇంకేమీ అడగలేదు నేను.

సెప్టెంబర్ 10

ప్రభాకరన్ లాట్‌కు అక్క ‘వెలిసింది’ అని రాసింది.

ప్రభాకరన్‌కు పైన ఎస్టేట్ ఉంది. పద్దెనిమిదేళ్లుగా కాయ ఈ మండీకే వేస్తాడు. అక్క కంటే మూడేళ్లు చిన్న. చీటీ చూసి నవ్వాడు మొదట. తప్పు చీటీ ఇచ్చినావు రంగక్కా అన్నాడు. నీదే, ఎండబెట్టే గదిలో వేడి జాస్తి పెట్టేసినావు, కాయకి పచ్చకామాలె వచ్చినట్టుండాది అంది అక్క. కామాలె వచ్చినోడికి లోకమంతా పచ్చగా కనబడతాదంటారు, నీకేమో పచ్చదే పచ్చగా కనబడలేదే అన్నాడు ఆయన. ఏరేవాళ్లంతా నవ్వారు. అక్క నవ్వలేదు. పళ్లెం మళ్లీ కిటికీ వైపు జరిపి, కుడి కన్ను మూసి, రెండోసారి చూసింది. వెలిసిందే అంది.

ప్రభాకరన్ మూటలు మళ్లీ జీపు ఎక్కించాడు. సరి, నీ కన్నే కదా కోర్టు అని వెళ్లాడు.

శరవణ సంతోషంగా లేడు. నెల నుంచి అమ్మ ఎవరికీ ముదురు పచ్చ రాయలేదు చిన్నమ్మా అన్నాడు.

సెప్టెంబర్ 11

కథనం పంపాను. ఈ ఏడాది వానల వల్ల కాయ రంగు తగ్గింది, నాణ్యత పడిపోయింది అని. ఆధారం అక్క చీటీలు, ముప్పై రెండు లాట్లు. ఇంత గట్టి లెక్క ఈ బీట్‌లో ఎవరి దగ్గరా ఉండదు.

సెప్టెంబర్ 13

ఆరో పేజీలో వచ్చింది. బైలైన్ ఉంది, నా పేరుతో.

రెండు ఫోన్లు. ఒకరు వేలం కొనుగోలుదారు, ఒకరు కొండ మీద పెద్ద రైతు. ఇద్దరిదీ ఒకే ప్రశ్న. రంగు పోయింది అని ఎవరు చెప్పారమ్మా, ఈ ఏడు కాయ బాగుండాదే. పేరు పొందిన గ్రేడర్ చెప్పారు అన్నాను. రెండో మనిషి, రంగక్కేనా అన్నాడు. అయితే నా కండ్లే చూపించుకోవాల అన్నాడు.

ఆయన హాస్యమాడలేదు. నిజంగానే తన కళ్లను అనుమానించాడు.

సెప్టెంబర్ 14

నా కండ్లూ చూపించుకుంటా, ప్రభాకరన్ నోరు మూయించాల అంది అక్క. బజారులో కళ్లద్దాల దుకాణం. గోడ మీద నల్ల అక్షరాల బోర్డు. కుడి కన్ను చివరి వరుస చదివింది. ఎడమ కన్ను కూడా చదివింది, ఒక అక్షరం దగ్గర కాస్త తడుముకుని. ఈ వయసులో ఇట్లాంటి చూపు ఎవరికుండాది పాటీ అన్నాడు దుకాణం అతను, అక్కను అవ్వ చేసేసి. నన్ను పాటీ అన్నావు చూడు, ముందు నీ కండ్లు టెస్ట్ చేసుకో అంది.

కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. దారంతా తుమ్ముతూనే ఉంది.

అక్షరాలు నల్లవి, బోర్డు తెల్లది. ఆ పరీక్షలో రంగు లేదు. ఇది నాకు ఇంటికొచ్చాక తట్టింది.

సెప్టెంబర్ 16, సోమవారం. ఉదయం 11

జరిగింది జరిగినట్టు రాయాలి.

నా కథనానికి ఉన్న ఆధారం ఒక్కటే. దాన్ని సరిచూడకుండా పంపాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో జూనియర్లను నేను తిట్టింది ఇందుకే. పొద్దున కాఫీ దగ్గర అక్కతో ఆ మాటే చెప్పాను. సీసాలు చూపించు, లేబుళ్ల మీద కాగితం అంటిస్తా, మళ్లీ రకం చెప్పు అన్నాను. నన్ను పరీక్ష పెడతావేమే అంది. నిన్ను కాదు, నా వార్తను అన్నాను. బీరువా తాళం తీసింది.

ఇరవై సీసాలు. పది జూలైవి, పది ఆగస్టు చివరివి, సెప్టెంబర్‌వి. కలిపేశాను. కిటికీ, తెల్ల పళ్లెం, ఎడమ కన్ను. ఇరవైకి ఇరవై లేత పచ్చ, లేదా వెలిసింది అంది. కాగితాలు తీశాం. కొత్త సీసాలకు ఆమె మాట, లేబుల్ సరిపోయాయి. జూలై సీసాల మీద ఎనిమిదింటికి ముదురు పచ్చ అని ఉంది. సీసాలో వెలిసినాయి, అది మామూలే అంది. శరవణ ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు కన్ను నొప్పి అంది. పక్కకు తిప్పితే లోపల లాగతాది అంది. ఎడమ కన్ను చేత్తో మూసుకుంది. పళ్లెం ఇంకా కిటికీ దగ్గరే ఉంది. కుడి కన్ను తెరిచి ఉంది.

నలభై ఒక్క ఏళ్లలో ఆ కంటితో ఆ కిటికీ వెలుతుర్లో ఆమె కాయ చూడటం అదే మొదటిసారి.

చెయ్యి తీసింది. కుడి కన్ను మూసింది. మళ్లీ మార్చింది. నాలుగైదు సార్లు మార్చింది. తర్వాత ఇరవై సీసాలూ ఒక్కొక్కటే కుడి కంటితో చూసింది. జూలైవి లేబుల్ కంటే ఒక మెట్టు వెలిసినాయి. సెప్టెంబర్‌వి లేబుల్ కంటే పచ్చగా ఉన్నాయి. ప్రభాకరన్ సీసా ముదురు పచ్చ.

శరవణ ఏదో మొదలుపెట్టాడు, సీసా గాజు వల్ల ఏమో అని. అక్క ఆపింది. కాయ పాతబడితే వెలుస్తాది రా, పచ్చబడదు అంది. తప్పు కాయలో లేదు, నాలో ఉండాది అంది.

సాయంత్రం 5

ఆస్పత్రికి పోదాం అన్నాను. ఉండు అంది. బీరువాలో మిగిలిన సీసాలన్నీ బయట పెట్టించింది. నలభై ఆరు. ఒక్కొక్కటీ కుడి కంటితో చూసి, లేబుల్ మీది రకానికీ ఇప్పుడు కనబడుతున్న దానికీ తేడా చెప్పింది, సీసాలో ఎంత వెలవాలో అంత తీసేసి. నేను రాశాను. ఆగస్టు 16 దాకా తేడా లేదు. 17న అర మెట్టు. నెలాఖరుకు ఒక మెట్టు. మొన్నటికి మూడు.

నా నోటుబుక్కుల్లో ఇంత శుభ్రమైన పట్టిక నేనెప్పుడూ వేయలేదు. వేయించింది ఆమె, తనకు వ్యతిరేకంగా.

సెప్టెంబర్ 17. ఉదయం 7

ఎడమ కనురెప్ప వాచింది. జ్వరం. కారు సిద్ధంగా ఉంది. అక్క ఎక్కదు.

ఇవాళ వేలం ఉంది, ముందు ఫోన్లు చేయాల అంటుంది. శరవణ వద్దంటున్నాడు. పేరు పోతాది, ఇక ఎవురూ మన చీటీ నమ్మరు, ఆస్పత్రి నుంచి వచ్చి నిదానంగా చెప్దాం అంటున్నాడు. తప్పు చీటీ నమ్మేదానికంటే అదే మేలు కదరా అంది. ఆ చీటీలు తీసుకున్నవాళ్లు పదకొండు మంది. నేను నంబర్లు నొక్కాను. అందరికీ ఒకే మాట. ఆగస్టు పదిహేడు తర్వాత నేను రాసిన చీటీలు చింపేయండి, కాయ ఇంకొకరికి చూపించండి, నా కన్ను చెడింది. కారణాలు చెప్పలేదు. సారీ కూడా ఒక్కసారే, ప్రభాకరన్‌కు. ఆయన ఏమన్నాడో తెలియదు. అక్క విని, సరి సరి, మదురైకి పోతుండా అని పెట్టేసింది.

నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ నేను అక్క మీద కోపంగానే ఉన్నాను. అది కూడా రాసుకోవాలి.

మధ్యాహ్నం 3. మదురై

కంటి నొప్పి, ఏళ్ల జలుబు రెండూ చెప్పగానే ముక్కు డాక్టర్ దగ్గరికి పంపారు. ఈఎన్‌టీ సర్జన్ పేరు చారులత. నలభై ఉండవచ్చు. మా భాషే, పొల్లాచ్చి వైపు. అక్క నోరు తెరవగానే తనూ తెలుగులోకి మారింది.

టార్చి వేసి చూసింది. కుడి కంటిలో వేస్తే రెండు కంటిపాపలూ చిన్నవయ్యాయి. ఎడమకు మార్చగానే చిన్నవి కావాల్సింది పోయి పెద్దవయ్యాయి. నేనూ చూశాను. చుక్కల మందు సీసా ఎర్ర మూత చూపించింది. కుడి కంటికి కుంకుమ, ఎడమ కంటికి పాత ఇటుక అంది అక్క. బోర్డు మీద ఎడమ కన్ను ఇవాళ నాలుగు వరుసలే చదివింది. శనివారం చివరి వరుస చదివిన కన్ను.

స్కాన్. డాక్టర్ తెర మీద చూపిస్తూ చెప్పింది. ముక్కు వెనక, పుర్రె లోపల, గాలి ఉండే గదులు ఉంటాయి. అక్కకు చిట్టచివరి గది తలుపు మూసుకుపోయింది. లోపల చీమిడి పేరుకుని సంచిలా ఉబ్బింది. మ్యూకోసీల్ అంటారట. నెట్టీ నెట్టీ ఎముక పొరలా పలచబడింది. ఆ ఎముకకు అవతల కంటి నరం. ఇప్పుడు ఆ సంచికి ఇన్‌ఫెక్షన్ పట్టింది. కన్ను బాగానే ఉండాది, కన్ను నుంచి పోయే వైరు నలిగిపోతుండాది అంది. రంగు ముందు పోతాది, అక్షరాలు తర్వాత పోతాయి అంది.

దుమ్ము వల్లేనా అని అడిగాను. అట్లా రాయకండి, ఏళ్ల జలుబు వల్ల కావచ్చు, వేరే కారణం కావచ్చు, నిరూపించలేను అంది. నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ఎప్పటి నుంచి అని అడిగింది. ఈ ప్రశ్నకు పేషెంట్లు ఏం చెబుతారో నేను విన్నాను. కొన్నాళ్లుగా, పండగ ముందు నుంచి. అక్క, ఆగస్టు పదిహేడు అంది. పట్టిక తెరిచి చూపించాను. నలభై ఆరు వరుసలు. చారులత రెండుసార్లు చదివింది. ఇది ఏ మిషన్‌తో తీసినారు అంది. మా అత్త నేర్పిన మిషన్ అంది అక్క.

నాలుగు వారాలు మెల్లగా నలిగింది, మూడు రోజుల నుంచి తొందరగా అని డాక్టర్ అంచనా. ఆలస్యం చేయకూడదు. యాంటీబయాటిక్ ఎక్కిస్తున్నారు. రేపు పొద్దున మొదటి కేసు. చూపు ఎంత వస్తుందో మాట ఇవ్వలేను అంది. అక్షరాలు నాకెందుకు, రంగు చెప్పు అంది అక్క. అదే చెప్తుండా అక్కా, రంగుకే మాట ఇవ్వలేను అంది చారులత.

అక్క తల ఊపింది. తర్వాత చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది.

సెప్టెంబర్ 18. మధ్యాహ్నం

గంటా పది నిమిషాలు. ముక్కులోంచే వెళ్లారు, బయట కోత లేదు. గది తలుపు తెరిచి చీము తీశారు. ఎముక ఒకచోట అసలే లేదట, నరం పొర కనబడిందట. చారులత అది చెప్పేటప్పుడు రెండు వేళ్ల మధ్య సందు చూపించింది. వేళ్లు దాదాపు ఆనుకునే ఉన్నాయి.

సెప్టెంబర్ 19

వాపు తగ్గింది. ఎడమ కన్ను ఆరు వరుసలు చదివింది.

సెప్టెంబర్ 21

పొద్దున డాక్టర్ ఎర్ర మూత తీసింది. అక్క చేత్తో పక్కకు నెట్టింది. ఎరుపు నేనెందుకు చూడాల, నాకు పని పచ్చతో కదా అని శరవణ చేత ఐదు సీసాలు తెప్పించుకుంది. మంచం పక్క స్టీలు బల్ల మీద తెల్ల రుమాలు పరిచి ఐదు కాయలు పేర్చింది. ముదురు పచ్చ నుంచి వెలిసినదాకా నాలుగు రకాలూ, లేత పచ్చకూ వెలిసినదానికీ నడుమ ఇంకొకటీ. వరుస కుడి కంటితో పెట్టింది. తర్వాత కలిపేసి, ఎడమ కంటితో పెడతా, తప్పులు లెక్కించు అంది నాతో. రెండు చివర్లూ సరిగ్గా పెట్టింది. మధ్య మూడూ తారుమారు.

డాక్టర్ నిలబడి అంతా చూసింది. ఈ ఐదు కాయలు నాకు ఇస్తారా, ఇక్కడే పెట్టుకుంటా, వచ్చినప్పుడల్లా దీంతోనే చూద్దాం అంది. ఇవి వెలుస్తాయి కదమ్మా, నెలకు ఒకసారి మారుస్తా, లేకుంటే నువ్వూ నాలాగే తప్పు చీటీ రాస్తావు అంది అక్క.

పక్క మంచం ఆవిడ, ఏలక్కాయ వాసనకి నాకు పాయసం తినాలనిపిస్తుండాది అంది.

సెప్టెంబర్ 25

సవరణ వచ్చింది, రెండో పేజీ కింద. ఆగస్టు 17 తర్వాతి లాట్లపై మా కథనంలోని అంచనా తప్పు. ఆధారంగా తీసుకున్న చీటీలను వాటిని రాసిన గ్రేడరే ఉపసంహరించుకున్నారు. విలేకరి వాటిని సరిచూడలేదు. మూడు వాక్యాలు. మూడోది నేను పెట్టాను. డెస్క్ తీసేయబోయింది, ఉంచమన్నాను. నలభై నిమిషాలు పదకొండు ఫోన్లు చేసిన మనిషి పక్కన కూర్చుని అంతకంటే తక్కువ రాయలేను.

ప్రభాకరన్ ఆస్పత్రికి వచ్చాడు, బస్సులో, ఆపిల్ పళ్లు తీసుకుని. లాట్ ఇంకొక మండీలో ముదురు పచ్చగానే పోయిందట. అక్క మళ్లీ క్షమాపణ మొదలుపెట్టింది. ఆయన ఆపాడు. ఆ పొద్దు నా పళ్లెం మళ్లీ చూసినావే, రెండోసారి చూసి కూడా వెలిసిందే అన్నావే, దానికే నేను ఊరుకున్నా అన్నాడు. చూడకుండా అనుంటే తిట్టేవాణ్ణి అన్నాడు. ఆపిల్ ఏ రంగుండాది చెప్పు అన్నాడు. నువ్వు తెచ్చినావు కాబట్టి వెలిసిందే అంది.

అక్టోబర్ 29

మదురై, చెకప్. నేను కోయంబత్తూరు నుంచి నేరుగా వచ్చాను. ఎడమ కన్ను చివరి వరుసకు ఒక వరుస పైదాకా చదువుతుంది. నొప్పి లేదు. ముక్కు వెనక గది తలుపు తెరిచే ఉంది.

ఐదు కాయలు. ఎడమ కన్ను మూడు సరిగ్గా పెట్టింది. పచ్చకూ లేత పచ్చకూ తేడా తెలియలేదు. మూడుసార్లు పెట్టించినా అదే. ఇంకా కాస్త రావచ్చు, ఇక్కడే ఆగిపోవచ్చు అంది చారులత.

మండీలో అసలు పని ఆ రెండింటి మధ్యే. పదింటిలో ఏడు లాట్లు పచ్చా, లేత పచ్చా అన్న తేడా మీదే నిలుస్తాయి. డాక్టర్‌కు ఇది తెలియదు. అక్క చెప్పలేదు. కాయలు మార్చి, కొత్తవి పెట్టి, పాతవి కొంగున కట్టుకుని లేచింది.

కారులో ఉసిలంపట్టి దాటాం. తర్వాత శరవణను అడిగింది, మన బల్ల ఎంత బరువుండాది అని.

నవంబర్ 25, సోమవారం. బోడి

బల్ల తిప్పించింది. నలుగురు పట్టారు. కిటికీ ఇప్పుడు ఆమెకు కుడివైపు. ట్యూబ్‌లైట్ ఎడమవైపు. సైజుకు ఎడమ చాలు అంది.

మొదటి పళ్లెం ప్రభాకరన్‌ది. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో చూసింది. చాలాసేపు చూసింది. సీసాలకు లేబుల్ తోడుండింది, లేబుల్ లేకుండా చూసేది ఈ కంటికి అలవాటు లేదు, తెలియదు అంది.

నలభై ఒక్క ఏళ్లలో ఆ మాట ఆ గదిలో ఎవరూ వినలేదు. ఏరేవాళ్ల చేతులు ఆగాయి.

ప్రభాకరన్ పళ్లెం తీసుకోలేదు. మళ్లీ చూడు అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.